తెల్లకణం మీద ఉన్నది చాయ్‌లో వేసే చక్కెర కాదు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ చుట్టుపక్కల మన తెలుగు గ్రూపుల్లో పొద్దుట్నుంచి ఒకటే ఫార్వర్డ్. "తెల్లకణాలకు చక్కెర పడుతుంది, అందుకే రక్తనాళాలకు అతుక్కుంటాయి, చక్కెర మానేస్తే సికిల్ సెల్ నొప్పులు రావు" అట. కింద అందరూ దండాలు పెడుతున్నారు. ఒళ్లు మండిపోతోంది. సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. కీళ్లనొప్పితో మెలికలు తిరిగే పిల్లాడి చేతిలోంచి బెల్లంముక్క లాక్కుంటే ఆ నొప్పి తగ్గుతుందా?

తెల్లకణం మీద చక్కెరలున్న మాట నిజమే. కానీ ఆ గొలుసును కణమే తన లోపల, గాల్జీ అనే భాగంలో, ఎంజైములతో ఒక్కో ముక్క అతికించి కట్టుకుంటుంది. అడుగున సెరమైడ్ అనే కొవ్వు, దాని రెండు తోకలూ కణపొరలో దిగి ఉంటాయి. దానిపైన గ్లూకోజ్, గెలాక్టోజ్. ఆపైన గెలాక్టోజ్, ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ జంటలు వరసగా. కొసన సియాలిక్ ఆమ్లం, నడుమ కొన్ని గ్లూకోసమైన్లకు పక్కగా ఫ్యూకోజ్. మనిషి న్యూట్రోఫిల్ (తెల్లకణాల్లో ఒక రకం) మీదున్న ఈ పొడుగు గొలుసుల కొవ్వులే మైలోగ్లైకాన్లు. కణంలో ఇవి ఉండేది చాలా కొద్దిగానే. అయినా రక్తనాళం గోడ మీది ఇ-సెలెక్టిన్ అనే ప్రొటీన్ వీటిని ఇట్టే పట్టుకుంటుంది.

ఆ ఇ-సెలెక్టిన్ కూడా చాలాచోట్ల గోడ మీద ఎప్పుడూ ఉండేది కాదు. వాపు సంకేతం, అంటే టీఎన్ఎఫ్, ఐఎల్-1 లాంటివి వచ్చాక గోడ కణాలు దాన్ని కొత్తగా తయారుచేస్తాయి, 4 నుంచి 6 గంటలకు బాగా పెరుగుతుంది. దాని తోబుట్టువు పి-సెలెక్టిన్ అలా కాదు, ముందే నిల్వ ఉంటుంది, నిమిషాల్లో పైకొస్తుంది. ప్రాణహిత వరదలో కొట్టుకుపోయేవాడు ఒడ్డున కొమ్మ కొమ్మా అందుకుంటూ వేగం తగ్గించుకున్నట్టు, కణం ఈ చక్కెరలతో పట్టుకుంటూ వదులుతూ దొర్లుతుంది. గట్టిగా ఆగడం ఆ తర్వాత, ఇంటెగ్రిన్లు అనే వేరే ప్రొటీన్ల పని. దొర్లడమే లేకపోతే ఆగడమూ లేదు, పుండు దగ్గరికి చేరడమూ లేదు. మరి ఈ అతుకును మొత్తానికే జబ్బంటారేం? ఇది లేకపోతే చీము కూడా పట్టదు!

ఎల్‌ఏడీ-2 అనే అరుదైన జబ్బులో జరిగేది సరిగ్గా అదే. ఫ్యూకోజ్‌ను గాల్జీలోకి మోసే ప్రొటీన్ చెడిపోతుంది, గొలుసుకు ఫ్యూకోజ్ అందదు. తెల్లకణాల కౌంట్ ఆకాశంలో ఉంటుంది, ఇన్ఫెక్షన్లు మాత్రం ఆగవు. ఆ పిల్లల రక్తం బాంబే అనే అరుదైన గ్రూపు కూడా అవుతుంది, ఎందుకంటే ఆ గ్రూపులో లోపించే హెచ్ యాంటిజెన్ అనే గుర్తుకూ ఫ్యూకోజే కావాలి. 1992లో ఇద్దరు పిల్లల్లో దీన్ని మొదట చెప్పారు. నోటిద్వారా ఫ్యూకోజ్ ఇస్తే కొందరికి గుణం కనిపించింది, కొందరికి లేదు. చక్కెర తినిపించి బాగుచేయాలని చూసిన జబ్బు ఇది. ఇక్కడేమో చక్కెర మాన్పిస్తున్నారు.

ఇంకో సంగతి. న్యూట్రోఫిల్ పైనున్న ప్రొటీన్లను ప్రొటియేజ్ అనే ఎంజైముతో గొరిగేసినా మనిషి కణం ఇ-సెలెక్టిన్ మీద దొర్లుతూనే ఉంటుంది, ఎలుక కణం దొర్లదు. కొవ్వుగొలుసుల పాత్ర బయటపడేది అక్కడే. సియాలిడేజ్‌తో కొసనున్న సియాలిక్ ఆమ్లం తీసేస్తే మనిషి కణం కూడా పట్టు తప్పుతుంది. ఇది చూడాలంటే రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన గొట్టంలో తీసి అలాగే వాడకూడదు. సెలెక్టిన్‌కు కాల్షియం కావాలి, ఈడీటీఏ కాల్షియాన్ని మింగేస్తుంది. గడ్డకట్టకుండా ఆపే ఇంకో మందు హెపారిన్ వేస్తే పి-సెలెక్టిన్‌కూ, తెల్లకణం మీదుండే ఎల్-సెలెక్టిన్‌కూ అడ్డం. కణాలను కడిగి, కాల్షియం కలిపిన బఫర్ ద్రావణంలో వేసుకోవాలి. ఈ సెలెక్టిన్లకు అడ్డుపడేలా, అన్నిటికన్నా ఎక్కువగా ఇ-సెలెక్టిన్‌కు, చక్కెర పోలికతోనే తయారుచేసిన రివిపాన్సెల్ మందు కూడా 2019లో సికిల్ సెల్ మూడో దశ పరీక్షలో నెగ్గలేదు. చాయ్‌లో చెంచా తగ్గిస్తే నెగ్గుతుందా?

అసలు ఈ ఫార్వర్డ్ కన్నా నాకు ఎప్పట్నుంచో కడుపుమంట తెల్లకణాల కౌంట్ రిపోర్టు మీద. జ్వరమనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ డెక్సా అనే స్టెరాయిడ్ సూది పొడుస్తాడు. రక్తంలోని న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం నాళాల గోడల దగ్గరే ఆగి ఉంటాయి. స్టెరాయిడ్ పడ్డాక గంటల్లో అవి ప్రవాహంలోకి వచ్చేస్తాయి, ఎముకమజ్జ నుంచి కొత్తవీ దిగుతాయి. మర్నాడు కౌంట్ 16,000. "ఇన్ఫెక్షన్ ముదిరింది" అని రెండు యాంటీబయాటిక్స్! సూది ఎప్పుడు పడిందో రిపోర్టు చూసేవాళ్లు అడగరు, చెప్పాలని ఇంట్లోవాళ్లకు తెలియదు. సికిల్ సెల్ ఉన్నవాళ్లకైతే నొప్పి లేనిరోజు కూడా కౌంట్ ఎక్కువే ఉంటుంది. వాళ్ల మామూలు కౌంట్ ఎంతో ఏ చీటీలోనైనా రాసి ఉందా? అక్కా, అన్నా, కనీసం మీరైనా ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి: తేదీ, కౌంట్, ఆరోజు నొప్పి ఉందా, ముందురోజు సూది పడిందా.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలైంది, జబ్బును లేకుండా చేయడానికి 2047 గడువు, 7 కోట్ల మందికి పరీక్షలన్నారు. చేయండి, చేయాల్సిందే. కానీ పరీక్ష కార్డు చేతికిచ్చాక? సికిల్ సెల్‌కు ఇచ్చే హైడ్రాక్సీయూరియా పెద్దలకు రోజుకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములతో, పిల్లలకు 20తో మొదలుపెట్టే మందు. పిండం నాటి హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది, గోడకు అతుక్కునే న్యూట్రోఫిల్స్‌ను తగ్గిస్తుంది. న్యూట్రోఫిల్స్ 2,000 కిందికో, ప్లేట్‌లెట్లు 80,000 కిందికో పడితే కొన్నాళ్లు ఆపి మళ్లీ చూడాలి. అంటే మాత్రతోపాటు రక్తపరీక్ష కూడా క్రమం తప్పకుండా జరగాలి. సిరొంచ నుంచి గడ్చిరోలి దాకా బస్సులో పోయి రక్తమిచ్చి, రిపోర్టు కోసం మళ్లీ పోవాలంటే కూలికి పోయే మనిషి ఎన్నిసార్లు పోగలడు? మాత్ర ఇచ్చే చోటే రక్తం తీయండి, ఆ పూటే కౌంట్ చెప్పండి, చెప్పేది తెలుగులో చెప్పండి.