బొంతకు ముందు బస్సెక్కాలి

ఇంట్లో కూర్చునే బొంత కుట్టెయ్యొచ్చనే అపోహ మన సమాజంలో ఇంకా పోలేదు. మా అత్తగారినే తీసుకోండి. నాలుగు పాత నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు లోపలికి మడిచి, లావు సూదితో ఈ కొస నుంచి ఆ కొసకు కుట్టుకుంటూ పోతారు. వారం తిరిగేసరికి బొంత తయారు. అందులో ప్రేరణ ఏదీ? కనీసం బస్సు టికెట్టు ఏదీ? "ఈ బొంతకు స్ఫూర్తి ఎక్కడ దొరికింది అత్తయ్యా?" అని అడిగితే "చలేస్తోంది కదే" అన్నారు. కళ మీద ఇంత ఘోరమైన మాట నేనెన్నడూ వినలేదు.

నేనలా కాదు. నేను క్విల్టు కుడతాను. అంటే, కుట్టబోతాను. రెంటికీ తేడా తెలియనివారి కోసం చెబుతున్నాను: పాత బట్టలతో కుట్టేది బొంత. కొత్త బట్టలు కొని, ముక్కలు చేసి, పాత బట్టల్లా కనబడేలా అతికేది క్విల్టు.

మొదటి యాత్ర లేపాక్షికి. అందరూ వీరభద్రుడికి దణ్ణం పెట్టుకుంటుంటే నేను లతామండపం స్తంభాలకు పెట్టుకున్నాను. స్తంభం స్తంభానికీ వేరే లత, వేరే అల్లిక. వీటిలో చాలా నమూనాలు ఎప్పుడో చీర అంచులకెక్కేశాయి. లోపల పైకప్పు మీద 16వ శతాబ్దం నుంచీ పార్వతీ కల్యాణం జరుగుతూనే ఉంది. నేను మాత్రం పెళ్లికొచ్చిన ఆడవాళ్ల చీరలు చూస్తూ నిలబడ్డాను: చారలు, గళ్లు, చుక్కలు. పెళ్లికెళ్లి పెళ్లికూతుర్ని వదిలేసి పక్కావిడ చీర చూడటం మన సంప్రదాయమే కాబట్టి దోషం లేదు. మెడ పట్టేసింది. రాత్రి మా ఆయన కొబ్బరినూనె రాశారు.

వేలాడే స్తంభం దగ్గర గైడు "అమ్మా, ఒక గుడ్డ ఇస్తే కింద నుంచి లాగి చూపిస్తా" అన్నాడు. నా సంచిలో ఆ పొద్దున్నే హిందూపురంలో కొన్న ఆరు మీటర్ల బట్ట ఉంది. దుమ్ము అంటుకోదూ? ఇవ్వలేదు. మా ఆయన భుజం మీది తువ్వాలు ఇచ్చారు. అది ఇటు దూరి అటు తేలింది, జనం చప్పట్లు కొట్టారు. నా యాత్రలన్నిటిలోనూ ఏదో ఒక పనికొచ్చిన గుడ్డ అదొక్కటే.

తర్వాత భూదాన్ పోచంపల్లి. 1951లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చేసిన ఊరు. ఆ పుణ్యభూమిలో నిలబడి నేను మీటరుకు ఇరవై రూపాయలు తగ్గించమని ముప్పావుగంట బేరమాడాను.

అక్కడి ఇక్కత్ నేత సంగతి తెలుసుకున్నప్పుడే నా కళ మీద నాకు గౌరవం పెరిగింది. నేయక ముందే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి మరో రంగులో ముంచుతారు. మగ్గమెక్కాక పడుగు మీది గీత, పేక మీది గీత వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. వీటన్నిటికంటే ముందు ఆసు పోయాలి, అంటే నూలుపోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పి పరచాలి. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంతమంది ఇంత కష్టపడి గీతకు గీత కలిపిన బట్టను నేను ఇంటికి తెచ్చి నాలుగంగుళాల ముక్కలుగా కోస్తాను. ఆపైన ఆ గీతలు కలవడం లేదని ఏడుస్తాను. దీన్నే సృజనాత్మక సంఘర్షణ అంటారు.

కోస్తాను అన్నాను గానీ, నిజానికి చెయ్యి రాదు. కత్తెర పట్టుకోగానే "అయ్యో, ఇంత మంచి బట్ట!" అనిపిస్తుంది. అందుకని మడతపెట్టి బీరువాలో పెడతాను. బీరువా నిండాక దివాన్ కిందకు, దివాన్ నిండాక మా ఆయన చొక్కాల అరలోకి. ఆయన చొక్కాలు ఇప్పుడు కుర్చీ మీదుంటున్నాయి. లేపాక్షివి ఫోనులో 812 ఫొటోలున్నాయి. ఒక్కదాంట్లోనూ మనిషి మొహం లేదు. ఒకదాంట్లో మా ఆయన అరచెయ్యి ఉంది, కొలత కోసం.

అలాగని ఏమీ కుట్టలేదనుకునేరు. మూడేళ్ల సాధన ఫలితంగా ఒక చదరం పూర్తయింది. తొమ్మిదంగుళాలు. మధ్యలో లేపాక్షి లత, చుట్టూ పోచంపల్లి. గోడకు తగిలిద్దామని ఫ్రేము కొనుక్కొచ్చేసరికి అది వంటింట్లో ఉంది. దాంతో అత్తగారు పాలగిన్నె దించుతున్నారు.

"మసిగుడ్డ భలే మందంగా కుట్టావే, చెయ్యి కాలట్లేదు. ఇంకోటి కుట్టకూడదూ?"

ఇంకోటి కుట్టాలంటే మళ్లీ ప్రేరణ కావాలి. శ్రీకాళహస్తికి టికెట్లు చూడమని మా ఆయనతో చెప్పాను. అక్కడ కలంకారీకి బొమ్మ వేసేముందు బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి నానబెడతారని, అప్పుడే రంగు పాకకుండా నిలుస్తుందని వివరించాను. ఆయన ఏమీ అనలేదు. కుర్చీ మీది చొక్కాలు తీసి మంచం మీద పెట్టుకుని కూర్చున్నారు.

పొయ్యి దగ్గర నుంచే అత్తగారు అందుకున్నారు.

"గేదెపాలు గుడ్డకు పోస్తారా! మరి కాఫీ దేంతో పెట్టమంటావే?"