స్క్రీన్ మీద డాక్టర్ సరే, పడక ఎవరిది?

టెలిమెడిసిన్, అంటే వీడియోలోనో ఫోన్‌లోనో దూరం నుంచే చేసే వైద్యం గురించి ఎవరు మాట్లాడినా ముందుగా చెప్పేది రోగికి మిగిలే ప్రయాణ ఖర్చు గురించే. అందులో అబద్ధమేమీ లేదు. దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి రోగి ఒక్కడే వెళ్లలేడు, తోడు ఒకరుండాలి. ఇద్దరి పనీ పోతుంది. తిండికీ బసకూ అయ్యేది వేరే. పది నిమిషాలు డాక్టర్‌కు చూపించుకోవడానికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. అయితే లెక్క ఇక్కడే ఆపేస్తున్నాం. రోగి ఊళ్లోని చిన్న ఆసుపత్రి జమాఖర్చుల్లో ఏం మారుతుందన్నది నా దృష్టిలో ఇంతకంటే పెద్ద ప్రశ్న.

చిన్న ఆసుపత్రి ఖర్చుల్లో చాలా భాగం రోగులు వచ్చినా రాకపోయినా తప్పనివే. నైట్ డ్యూటీ నర్సుకు జీతం ఇవ్వాలి, ల్యాబ్ నడవాలి, జనరేటర్ సిద్ధంగా ఉండాలి. పడకలు ఖాళీగా ఉన్నాయని ఇవేవీ తగ్గవు. స్పెషలిస్టు లేరని ఒక రోగిని రెఫర్ చేసిన ప్రతిసారీ ఆ పడక మీద రావాల్సిన ఆదాయం, అక్కడ చేయాల్సిన పరీక్షలు, అక్కడ కొనాల్సిన మందులు కూడా అంబులెన్స్ ఎక్కి వెళ్లిపోతాయి. అమెరికాలో 2010 తర్వాత వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి. కారణాలు చాలానే ఉన్నాయి, తగినంతమంది రోగులు లేకపోవడం వాటిలో ఒకటి. చిన్న ఊళ్లలో నెలనెలా జీతాలిచ్చే సంస్థలే తక్కువ. వాటిలో ఆసుపత్రి ఒకటి కాబట్టి, అది పోతే దెబ్బ వైద్యంతో ఆగదు.

పక్షవాతం కేసు తీసుకోండి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అంతకంటే ముందు, అది రక్తస్రావం వల్ల వచ్చిన పక్షవాతం కాదని సీటీ స్కాన్‌లో తేల్చుకోవాలి. పొరపడితే ప్రాణం మీదికి వస్తుంది. న్యూరాలజిస్టు లేని చోట డ్యూటీ డాక్టర్ ఆ టెన్షన్ నెత్తిన వేసుకోలేక పై ఆసుపత్రికి పంపేస్తారు. గడువు దారిలోనే దాటిపోతుంది. టెలిస్ట్రోక్ సదుపాయం ఉంటే ఎక్కడో ఉన్న న్యూరాలజిస్టు ఇక్కడి స్కాన్ చూస్తారు. కెమెరాలో రోగిని రెండు చేతులూ ఎత్తి పట్టుకోమంటారు, పళ్లు కనిపించేలా నవ్వమంటారు, ఒక వాక్యం చదివించుకుంటారు. ఏ చేయి కిందికి జారిందో నర్సు పక్కనే ఉండి చెబుతుంది. ఇంజెక్షన్ అక్కడే పడుతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన వాళ్లను ఆ తర్వాత ఎలాగూ పంపాల్సిందే. మిగతా వాళ్లలో కొందరైనా అదే ఆసుపత్రిలో కోలుకోవచ్చు. మంచాన పడాల్సిన మనిషి లేచి తిరిగితే, ఆ ఇంట్లో ఇంకొకరు పని మానుకుని కూర్చోవాల్సిన అవసరం ఉండదు. ఈ లాభం మాత్రం ఏ ఆసుపత్రి లెక్కల్లోనూ కనిపించదు.

డాక్టర్‌కూ డాక్టర్‌కూ మధ్య నడిచే కాల్ ఇంకా ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో ఇలాంటిదే. అప్పట్లో హెపటైటిస్ సి రోగులు ఆయన క్లినిక్‌లో చూపించుకోవడానికి నెలల తరబడి ఆగాల్సి వచ్చేది. ఆయన రోగులను రప్పించుకోవడం కాకుండా, పల్లెల్లోని డాక్టర్లతో వీడియోలో కూర్చుని ఒక్కో కేసూ చర్చించారు. 2011లో వచ్చిన అధ్యయనంలో విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందికి వైరస్ పోతే, ఎకో కేంద్రాల్లో 58.2 శాతం మందికి పోయింది. దాన్ని టెలిమెడిసిన్ అనకూడదని వాదించేవాళ్లున్నారు, వాదించుకోనివ్వండి. రోగి సొంత ఊళ్లోనే ఉన్నాడు, అక్కడి డాక్టర్‌కు కొత్త పని వచ్చింది. ఒంటరిగా పడి ఉన్నానన్న భావన లేని డాక్టర్ బదిలీ కోసం ఎదురుచూడటం కూడా తగ్గుతుంది. పల్లెకు డాక్టర్‌ను వెతికి తెచ్చుకోవడం ఎంత ఖరీదైన పనో ఆసుపత్రి నడిపేవాళ్లకు బాగా తెలుసు.

ఇదే సాంకేతికత ఆసుపత్రికి ఎదురు తిరగనూ వచ్చు. రోగి తన ఫోన్ నుంచి నేరుగా నగరంలోని డాక్టర్‌ను పట్టుకుంటే చార్జీలు మిగులుతాయి, నిజమే. కానీ ఆ డాక్టర్ రాసే స్కాన్ ఏ ల్యాబ్‌కు వెళుతుంది? ఆపరేషన్ అవసరమైతే ఎక్కడ చేస్తారు? కొన్ని కార్పొరేట్ ఆసుపత్రులకు వీడియో కన్సల్టేషన్ అంటే రోగులను లాగే గాలం. అలాంటప్పుడు ఊరి ఆసుపత్రికి మిగిలేది కట్లు కట్టే పని.

ఫీజుల పద్ధతీ ఈ మొగ్గును సరిచేయడం లేదు. స్క్రీన్ మీదున్న స్పెషలిస్టుకు కన్సల్టేషన్ ఫీజు వస్తుంది. రోగి పక్కన అరగంట నిలబడి బీపీ చూసి, కెమెరా తిప్పి, చెప్పింది మళ్లీ విడమరిచి చెప్పిన నర్సు సమయానికి ధర కట్టేవాళ్లు తక్కువ. అమెరికాలో ప్రధానంగా వృద్ధులకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, రోగి ఉన్న కేంద్రానికి విడిగా ఇచ్చే ఫీజు సుమారు 30 డాలర్లే. అందుకే చిన్న ఆసుపత్రులు టెలిమెడిసిన్ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు రెండు విషయాలు రాయించుకోవాలి: నర్సు సమయానికి ఎంత ఇస్తారు, తదుపరి పరీక్షలూ ఫాలోఅప్‌లూ ఎవరి దగ్గర జరుగుతాయి. ఏడాది చివర చూడాల్సిన అంకె కాల్స్ సంఖ్య కాదు. ఏయే జబ్బులకు రెఫరల్స్ ఎన్ని తగ్గాయి, ఆ రోగులు ఎన్ని రోజులు ఇక్కడి పడకల మీద ఉన్నారు అన్నది. రెఫరల్స్ తగ్గకపోతే ఒప్పందం వేరేవాళ్లకు లాభిస్తున్నట్టే, మార్చుకోవాల్సిందే.