ఇల్లు చూపించదగినవారు

ఇల్లు కొనడానికి అప్పు ఎవరికి ఇవ్వాలో బ్యాంకులు తేలుస్తాయి, సుంకం ఎంత కట్టాలో రిజిస్ట్రేషన్ శాఖ తేలుస్తుంది. కాని అమ్మకానికి పెట్టిన ఇంటిని చూసే అర్హత ఎవరికుందో తేల్చే ఏర్పాటు ఏదీ మన రాష్ట్రంలో లేకపోవడం విచారకరం. ఆ భారమంతా అమ్మేవాడి నెత్తినే పడుతోంది. హనుమకొండ నయీంనగర్‌లో, నాలా అనే పెద్ద కాలువకు మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు అనదగిన చోట, 200 గజాలలో ఉన్న నా ఇంటిని అమ్మకానికి పెట్టిన నాటి నుంచి ఆ భారాన్ని నిష్ఠగా మోస్తున్నాను కనుక, నా విధానాన్ని తోటి గృహస్థుల ముందుంచడం ధర్మమనిపించింది. వేయి స్తంభాల గుడిని ఎవరు పడితే వారు వెళ్లి చూస్తున్నారు కదా అని కొందరు వాదిస్తారు. ఆ గుడి అమ్మకానికి లేదు.

బ్రోకర్ల దృష్టిలో ఫోన్ చేసిన ప్రతివాడూ ‘పార్టీ’యే. వచ్చిన పార్టీలో కొనే ఆయన, ఆయన భార్య, ఒక బావమరిది, ఎందుకు వచ్చారో తెలియని మరో ఇద్దరు, వారందరి వెనుక చేతులు కట్టుకొని ఒక మేస్త్రి ఉంటారు. కొనే ఆయన హాలులోని ఫ్యాన్లను చూసి సంతోషిస్తారు. మేస్త్రి మాత్రం ఎవరూ చెప్పకుండానే వంటింటి గోడ దగ్గరికి వెళ్లి, వేలు మడిచి కొట్టి, చెవి ఆనించి వింటాడు. తర్వాత ఏమీ అనడు. ఆ ఏమీ అనకపోవడం వల్ల నాకు లక్షల్లో నష్టం జరిగే అవకాశముంది. అందువల్ల మేస్త్రీలకు, సివిల్ ఇంజనీర్లకు, వారి సమీప బంధువులకు మా గేటు లోపలికి ప్రవేశం లేదు. 1959లో పెట్టిన ఇంజనీరింగ్ కళాశాల నేటికీ ఎన్‌ఐటీ పేరుతో నడుస్తున్న ఊరిలో ఈ నియమాన్ని అమలు చేయడం ఎంత కష్టమో పాఠకులే ఊహించుకోవాలి.

స్థానికులు అంతకన్నా ప్రమాదకరం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో, వానలకు నాలా పొంగి కాలనీల్లోకి నీళ్లు రావడం వారు మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా వారికి ఉన్నట్టు లేదు. గుమ్మంలోనే ఆగి, ‘‘ఎంత దాకా వచ్చినయి సార్?’’ అని అడుగుతారు. ఏవి వచ్చాయో చెప్పరు. అడుగుతున్నంతసేపూ వారి కళ్లు నేల నుంచి మూడడుగుల ఎత్తున గోడ వెంబడి నడుస్తుంటాయి. ఆ ఎత్తు దాకా ఇటీవలే టైల్స్ వేయించింది కేవలం అందం కోసమే. భూపాలపల్లి నుంచో మంచిర్యాల నుంచో వచ్చే సింగరేణి విశ్రాంత ఉద్యోగులను నేను గౌరవించేది ఇందుకే: చేతిలో రిటైర్మెంటు డబ్బు ఉంటుంది, నాలా గురించి ఏ దురభిప్రాయమూ ఉండదు.

ఎవరికి చూపించాలన్నది తేలినా ఎప్పుడు చూపించాలన్నది మిగులుతుంది. ఎండాకాలంలో గోడలు పొడిగానే ఉంటాయి గాని బోరు కూడా పొడిగానే ఉంటుంది. వానాకాలంలో బోరు నిండుతుంది గాని గోడలూ దాన్ని చూసి నేర్చుకుంటాయి. మన పెద్దలు ఎంత దూరదృష్టితో ఆషాఢంలో ఇళ్ల మాట ఎత్తవద్దన్నారో ఇల్లు అమ్మేటప్పుడే అర్థమవుతుంది. అన్నీ బేరీజు వేస్తే కార్తీక మాసం ఒక్కటే మిగిలింది. దీపావళి సున్నం కొత్తగా ఉంటుంది, బోరులో నీళ్లుంటాయి, సాయంత్రం త్వరగా చీకటి పడుతుంది. దీపాలు పెట్టే వేళకు రమ్మంటే భక్తి కూడా కలిసివస్తుంది.

సంస్కారవంతుడైన అమ్మకందారు నేరుగా కులం అడగడు. ఇంటిపేరు అడుగుతాడు, అది చాలకపోతే సొంతూరు, అదీ చాలకపోతే మేనమామ ఇంటిపేరు అడుగుతాడు. నేను ఆ క్రమాన్ని ఎన్నడూ తప్పలేదు. తర్వాత వంటింట్లో ఏం వండుతారో విచారిస్తాను. రిజిస్ట్రేషన్ అయిన మరునాడే నేను హైదరాబాద్‌లో కొడుకు ఫ్లాటుకు వెళ్లిపోతున్న మాట నిజం, ఆ వంటింట్లో ఇక అడుగు పెట్టబోననేది కూడా నిజం. అయినా ఆ పొయ్యి మీద ఏం ఉడుకుతుందో తెలియకుండా తాళాలు ఎలా ఇవ్వను? ఇన్నేళ్లుగా ఆదివారాలు మేమేం వండుకున్నామన్నది ఇక్కడ అప్రస్తుతం.

లోను పెట్టుకొని కొనేవారంటే నాకు అపారమైన గౌరవం. అందుకే వారిని దూరం నుంచే గౌరవిస్తాను. వారి వెంట బ్యాంకు లాయరు వచ్చి లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి పాత దస్తావేజులు, దాని మీద అప్పులూ బదిలీలూ ఏమున్నాయో చూపే ఈసీ అడుగుతాడు. బ్యాంకు ఇంజనీరు వచ్చి, మేడమీది గది మున్సిపాలిటీ ప్లానులో ఎందుకు లేదంటాడు. ప్లాను గీసిననాడు ఆ గది లేదు, కనుక ప్లానులో లేదు. ఇంతకన్నా నిజాయితీగల ప్లాను ఉంటుందా? పైగా వీరు ధరనంతా చెక్కు రూపంలోనే ఇస్తామంటారు. 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి నూటికి 7.5 రూపాయలు అవుతున్న కాలంలో, పత్రంలో అసలు ధర రాయించడం కొనేవారికే నష్టమని నచ్చజెప్పినా వినరు. ఆస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని 2015లోనే నిబంధన వచ్చిందని నాకే పాఠం చెబుతారు. ఇంత తెలిసినవారికి ఇంకా చూపించడానికి నా దగ్గర ఏముంది?

చట్టం కూడా అమ్మేవాడి మనసు ఎరగదు. మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారికి కనబడని ముఖ్యమైన లోపం ఏదైనా అమ్మేవారికి తెలిసి ఉంటే, దాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. చెప్పకపోవడం మోసమేనని ఆ సెక్షన్ చివరలో మరీ విడమరచి ఉంది. అంటే లోపం కనబడేలా ఉంచాలి, లేదా నోరు విప్పాలి. ఈ రెండింటిలో ఏదీ చేయకుండా పరువుగా ఇల్లు అమ్ముకునే మార్గం ఆ పెద్దలకు తోచకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నా నియమాలన్నింటికీ సరిపోయిన మనిషి ఇప్పటికి ఒక్కరే దొరికారు. డాలస్‌లో ఉంటారు, మేస్త్రి లేడు, లోను లేదు, నాలా పేరే వినలేదు, ఇంటిపేరు మాట చెప్పనక్కరలేదు. అన్నింటికీ మించి, ఇల్లు చూడకుండానే కొంటానన్నారు. కాని నిన్న వారి లాయరు నుంచి ఒక కాగితం వచ్చింది: తమ క్లయింటు ఇల్లు చూడటం లేదు కనుక, 55వ సెక్షన్ ప్రకారం ఇంట్లోని లోపాలన్నింటినీ అమ్మేవారే రాసి, ప్రతి పేజీ మీద సంతకం చేసి పంపాలట. ఇల్లు కొనేవాడు స్వయంగా వచ్చి చూసుకోవడం కనీస బాధ్యత అని, కార్తీకం దాకా ఓపిక పట్టి దీపాలు పెట్టే వేళకు రమ్మని వెంటనే జవాబు రాశాను.