కోరంగి రేవులో 20,000 ఓడలు మునిగాయా?

"1839 నవంబరు 25న 40 అడుగుల ఉప్పెన వచ్చి కోరంగి రేవులో 20,000 ఓడలు మునిగాయి, 3 లక్షల మంది చనిపోయారు. సైక్లోన్ అనే మాట అప్పుడే పుట్టింది. ఆ ఊరు మళ్ళీ లేవలేదు." తుఫాన్ల కాలం వస్తే చాలు, వాట్సాప్‌లో ఈ మెసేజ్ తిరుగుతుంది. ఆ నవంబరులో తుఫాను వచ్చింది, గోదావరి మొగలోని ఆ రేవును దెబ్బతీసింది. అంతవరకే నిజం.

ముందు అంకెల సంగతి. 40 అడుగులు, 20,000, 3 లక్షలు. ఈ మూడూ అప్పటికి వందేళ్ల క్రితమే కలిసి అచ్చయ్యాయి, అదీ వేరే నది గురించి! 1737 అక్టోబరులో బెంగాల్‌లోని హుగ్లీ నది మీద విరుచుకుపడిన తుఫానుకు లండన్ జెంటిల్మన్స్ మ్యాగజైన్ వేసిన లెక్క ఇదే. అందులోనూ 20,000 అంటే పెద్ద ఓడలు కాదు. పడవలు, దోనెలు కూడా కలిపి చెప్పిన మాట. ఆ 3 లక్షలూ నిలబడలేదు. కలకత్తాలో పోయినవాళ్లు సుమారు 3,000 అని ఈస్టిండియా కంపెనీ రికార్డులు చెబుతున్నాయి. కలకత్తా, కోరంగి రెండూ బంగాళాఖాతంలో కలిసే నదుల మీది రేవులే కాబట్టి, ఎవరో హుగ్లీ లెక్కను తెచ్చి కోరంగికి అంటించారన్నది నా గట్టి అభిప్రాయం. 1977 దివిసీమ ఉప్పెన సుమారు 5 మీటర్లు. ఆ నీళ్లకే దాదాపు 10,000 మంది పోయారు. 40 అడుగులంటే 12 మీటర్లు. ఆ తేడా ఒక్కసారి ఊహించుకోండి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఇదే కోరంగిని ముంచేశాయి. చనిపోయినవాళ్లు 20,000 వరకు ఉంటారని ఆ తర్వాత రాసిపెట్టారు. ఈ మెసేజ్‌లో వాళ్ల ఊసే లేదు.

సైక్లోన్ అనే మాటను కలకత్తాలో ఉంటూ తుఫాన్లను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో తన పుస్తకంలో వాడాడు. పాము చుట్టకు గ్రీకు మాట దానికి మూలం. ఎన్నో ఓడల లాగ్‌బుక్‌లు ఏళ్లపాటు పోల్చి చూశాక పెట్టిన పేరు అది. ఒక్క కోరంగి తుఫానుతో పుట్టలేదు.

ఇక ఊరు లేవలేదన్న మాట. 19వ శతాబ్దం రెండో సగంలో మనవాళ్లు వేలమంది కూలి పనికి బర్మా వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లందరినీ 'కోరంగీలు' అనే పిలిచేవారు. చచ్చిపోయిన రేవు పేరు అలా జనం మీద నిలుస్తుందా? ఓడల్ని కోరంగికి దూరం చేసింది గోదావరి ఒండ్రు. ఏటా పూడిక పెరిగి, ఇసుక మేటలు వేసి, లోతు తగ్గిపోయింది. ఓడలు కాకినాడకు మళ్లాయి. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా ఆ ఇసుకతో ఏర్పడిందే. కోరంగి ఊరు ఈ రోజుకీ ఉంది, మడ అడవుల పక్కనే.