కాలు గుర్తుంది, నటి గుర్తులేదు

నర్తకి, నటి సుధా చంద్రన్ అనగానే మనకి మయూరి సినిమా గుర్తొస్తుంది. మయూరి అనగానే కాలు గుర్తొస్తుంది. అక్కడితో ఆగిపోతాం. డిసెంబర్ 3 వచ్చిందంటే శ్రీకాకుళం నుంచి బొబ్బిలి దాకా వికలాంగుల దినోత్సవ సభల్లో ఇదే కథ వినపడుతుంది: ప్రమాదం, పోయిన కాలు, జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు, నాట్యం, చప్పట్లు. పెద్దలు ఆ కథ చెప్పి, కింద కూర్చున్నవాళ్ళలో కొందరికి మూడుచక్రాల బళ్ళు పంచి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. నలభై ఏళ్ళుగా ఈ కథని మనం తప్పుగా చెప్పుకుంటున్నామని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆమె అసలు విజయం మయూరి కాదు, ఆ తర్వాత వచ్చింది.

జరిగింది చాలామందికి తెలిసిందే. 1981లో తిరుచ్చి దగ్గర బస్సు ప్రమాదం. చిన్న గాయాన్ని సరిగా చూడకుండానే కట్టు కట్టేశారు, గాంగ్రీన్ సోకింది, కుడికాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కాలితో అడుగులు మళ్ళీ మొదటినుంచి నేర్చుకుని 1984లో ముంబయిలో వేదిక ఎక్కారు. ఆమె గురించి తెలుసుకున్న నిర్మాత రామోజీరావు మయూరి సినిమా తలపెట్టారు, సింగీతం శ్రీనివాసరావు తీశారు, ఆమె కథలో ఆమే నటించారు. జాతీయ అవార్డుల్లో జ్యూరీ ప్రత్యేక పురస్కారం వచ్చింది. ఈ విషయంలో తెలుగు సినిమా ఎంత గర్వపడినా తప్పులేదు.

అయితే 2001కి రండి. స్టార్ ప్లస్‌లో కహీ కిసీ రోజ్ సీరియల్, అందులో రమోలా సికంద్ అనే అత్త. నుదుటిమీద రోజుకో రకం బొట్టు, ఒంటినిండా నగలు, కోడలి మీద కుట్రలు. ఇంటింటా ఆ అత్తని తిట్టుకుంటూనే చూశారు. తిట్టుకున్నవాళ్ళలో ఆ నటికి ఒక కాలు లేదన్న సంగతి ఎంతమందికి గుర్తొచ్చి ఉంటుంది? గుర్తు రావాల్సిన పని కథలో ఎక్కడా లేదు. రమోలా తన కాలు గురించి ఏడవదు, ఎవరికీ స్ఫూర్తినివ్వదు. ఆవిడ చెడ్డది, అంతే. చూసేవాడు జాలిపడడానికి అందులో ఎక్కడా సందు లేదు. ఒక నటికి దక్కాల్సిన గౌరవం అదే. మయూరిలో ఆమె తన జీవితాన్ని నటించారు. రమోలాగా తనకి ఏ సంబంధమూ లేని ఒక మనిషిని నటించారు. మన సభల్లో ఆ రెండో సంగతి ఒక్కరైనా చెప్పగా నేను వినలేదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. యుద్ధకాలంలో సైన్యంలో ఉండి రెండు చేతులూ పోగొట్టుకున్న హెరాల్డ్ రసెల్‌కి, ‘ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ సినిమాలో అలాంటి సైనికుడి పాత్రకే 1947లో హాలీవుడ్ రెండు ఆస్కార్లు ఇచ్చింది. చేతుల్లేనివాడికి సినిమాల్లో పెద్దగా పని దొరకదు, వెళ్ళి చదువుకో అని సలహా ఇచ్చింది ఆ సినిమా దర్శకుడే. సినిమాలో మళ్ళీ వేషం రావడానికి 1980 దాకా పట్టింది. దండ వేశారు, సాగనంపారు.

మన దగ్గర వైకల్యం ఉన్న పాత్రలకి కొదవేం లేదు. 2016లో నాగార్జున చక్రాల కుర్చీలో కూర్చున్నారు, 2017లో రవితేజ చూపులేనివాడయ్యారు, 2018లో రామ్‌చరణ్ చెవులు సరిగా వినపడని చిట్టిబాబయ్యారు. బాగా చేశారు, జనం మెచ్చుకున్నారు. వాళ్ళమీద నాకే పేచీ లేదు. కానీ మయూరి తర్వాత ఆ స్థాయిలో వైకల్యం ఉన్న మరో నటుడి పేరో నటి పేరో చెప్పమంటే చప్పున నోటికి రాదు.

సినిమా దాకా ఎందుకు, మన పద్యనాటకమే చూద్దాం. చీపురుపల్లి వైపు ఊళ్ళలో ఒక హార్మనిస్టుని చాలాసార్లు చూశాను. పోలియో కాలు, దానికి ఊతంగా కాలిపర్ పట్టీ వేసుకుంటాడు. స్టేజీకి ఒక పక్కగా బల్ల మీద కూర్చుంటాడు. హరిశ్చంద్ర నాటకం మొత్తం అతనికి కంఠతా వచ్చు. కాటి సీనులో వేషధారికి గొంతు అందకపోతే మిగతా పాదం ఇతనే అందుకుంటాడు, తల వంచుకుని, హార్మనీ మెట్ల మీంచి వేళ్ళు తీయకుండా. జనం వన్స్ మోర్ అంటారు. నోట్ల దండ వేషధారి మెడలో పడుతుంది. ఇతనికి వేషం ఎందుకివ్వరని నాటకం కాంట్రాక్టరుని అడిగితే, "రాజు వేసం బాబూ, నిలబడొద్దేటి?" అన్నాడు.

కానీ కాటి సీనులో హరిశ్చంద్రుడు రాజు కాదు కదా! రాజ్యం పోయింది, ఆలిని అమ్ముకున్నాడు, తానూ అమ్ముడుపోయి వీరబాహుడి దగ్గర కాటికాపరిగా ఉన్నాడు. చేతిలో కర్ర ఉంది. ఆ కర్ర ఊతకర్ర అయితే నాటకానికి వచ్చిన నష్టమేమిటి? అన్నీ పోయినవాడు కర్ర మీద బరువు మోపి, చంద్రమతి ముందు మాట తప్పకుండా నిలబడ్డాడంటే ఆ సీను ఇంకో మెట్టు ఎక్కుతుంది. తెల్లవార్లూ మేలుకుని కూర్చునే జనం పద్యం కోసం వస్తారు. పద్యం గొంతులో ఉంది, ఆ గొంతు అతని దగ్గరుంది.

ఇదే నేల ఒకప్పుడు ఇలా ఆలోచించలేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం చెప్పించాలన్న తపనే దాని పుట్టుకకి కారణమని మన పెద్దలు చెబుతారు. చిన్నప్పటినుంచీ చూపు సరిగా లేని ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని ఆ కళాశాల ప్రిన్సిపాల్, హరికథల ఆదిభట్ల నారాయణదాసు నేరుగా వయొలిన్ ఆచార్యుడిగానే తీసుకున్నారని అంటారు. అప్పటికి ద్వారం వయసు 26. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, 1957లో పద్మశ్రీ వచ్చింది. దాసుగారు కళ్ళు పరీక్షించలేదు, కమాను పరీక్షించారు. ద్వారం పేరు చెప్పి మీసం మెలేసే ఊళ్ళో, ఒక హార్మనిస్టుకి కాలు చూసి వేషం కాదనడం నాకు కడుపు మండే విషయం.

నటనంటేనే తాను కానిదాన్ని కావడం కదా, స్టార్ లేకపోతే టికెట్లు తెగవు కదా అనేవాళ్ళున్నారు. సరే, మొదటి మాట ఒప్పుకుందాం. మరి అది రెండు వైపులా చెల్లాలి. కళ్ళున్న నటుడు అంధుడు కాగలిగితే, కాలు లేని నటి కలెక్టరో కోడలో ఎందుకు కాకూడదు? ఇక టికెట్ల సంగతంటారా, చెవులు వినపడని మార్లీ మాట్లిన్ 1987లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు, ట్రాయ్ కాట్సర్ 2022లో సహాయ నటుడిగా అందుకున్నారు. వాళ్ళకి ఎవరో ఒకరు ముందు వేషం ఇచ్చారు.

మనకి ఇవ్వడం చేతకాదు, పరీక్షించడం బాగా వచ్చు. జాతీయ పురస్కారం పొందిన సుధా చంద్రనే, విమానాశ్రయంలో ప్రతిసారీ కాలు విప్పించకుండా చూడమని 2021లో ప్రధానికి వీడియోలో మొరపెట్టుకోవాల్సి వచ్చింది. విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. పాలకొండ నుంచో మందస నుంచో వైకల్యం సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుకి వచ్చి లైన్లో కూర్చునేవాళ్ళకి ఎవరి క్షమాపణా అందదు. కాలు చూపించు, సర్టిఫికెట్ చూపించు, 2025లో పునఃపరిశీలన అన్నారు కాబట్టి మళ్ళీ కాలు చూపించు. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే, కాదనను. 2024లో పింఛను 3,000 నుంచి 6,000కి పెంచడం మంచి పని. కానీ నీకేం వచ్చు అని అడిగే క్యాంపు ఒక్కటైనా పెట్టారా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ సర్కారు ఉద్యోగాలకే. స్టూడియో గుమ్మం దగ్గర, నాటక సమాజం గుమ్మం దగ్గర అది ఆగిపోతుంది. వైకల్యాన్ని తెరమీద చూపించేటప్పుడు ఆ మనుషుల్ని కలుపుకుని పని చేయాలని సుప్రీంకోర్టు 2024 జులైలో చెప్పింది. అది మన నాటకాల దాకా ఎప్పటికి వస్తుందో!

కోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అమ్మవారి సంబరం జరిగే ఊళ్ళలో నాటకానికి బయానా ఇచ్చేది ఊరి కమిటీయే. సీన్లు ఎన్ని, హరిశ్చంద్రులు ఎంతమంది, ఏ సీనుకి ఎవరు రావాలి అన్నీ ముందే మాట్లాడుకుంటారు. ఒకే రాత్రి ముగ్గురు హరిశ్చంద్రుల్ని దింపడం ఎలాగూ అలవాటే. వచ్చే సంబరానికి కాటి సీను హార్మనిస్టుకి ఇమ్మని, హార్మనీకి ఆ గంటసేపు ఇంకొకరిని తెచ్చుకోమని కమిటీవాళ్ళే చెప్పాలి. స్టేజీకి మెట్ల పక్కన రెండు చెక్కలు వాలుగా వేయించాలి. డబ్బులిచ్చేది వాళ్ళు కాబట్టి కాంట్రాక్టరు వింటాడు.