ఓసీఐ కార్డు రెండో పౌరసత్వం కాదు

మా పెద్దన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఇంకో రెండు వారాల్లో వాడికి అమెరికా సిటిజన్‌షిప్ ఓత్. మొన్న రాత్రి ఒక వాట్సాప్ మెసేజ్ పంపి "బాబాయ్, ఇది నిజమేనా?" అని అడిగాడు. ఆ మెసేజ్ అప్పటికే నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అది ఓసీఐ గురించి, అంటే వేరే దేశం పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే "ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా" కార్డు గురించి. దాని సారాంశం ఇది: "ఓసీఐ అంటే డ్యుయల్ సిటిజన్‌షిప్పే. ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసేదాకా మీరు ఇండియా పౌరులే. ఓటు ఒక్కటి తప్ప అన్నీ మునుపటిలాగే ఉంటాయి. కార్డు జీవితాంతం చెల్లుతుంది కాబట్టి పుట్టిన దేశానికి రాకుండా మిమ్మల్ని ఎవరూ ఆపలేరు. మనసు మారితే పాస్‌పోర్ట్ ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు."

ఒక్కో మాటా తీసుకుని చూస్తే ఇందులో నిలబడేది దాదాపు ఏమీ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది, 2024లో 2,06,378 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి పడ్డ యాతన, పిల్లల భవిష్యత్తు, ఉద్యోగం పోతే ఏమిటన్న భయం, ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. ఏం వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలన్నదే నా బాధ. ఆ మెసేజ్ సరిగ్గా ఆ తెలివిడినే చెరిపేస్తోంది.

మొదటి మాట, డ్యుయల్ సిటిజన్‌షిప్. భారత చట్టంలో అలాంటిది లేదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఆ క్షణం నుంచి భారత పౌరులు కారు. ఓసీఐ పూర్తి పేరులో "సిటిజన్" అన్న మాట ఉంది కాబట్టి చాలామంది మోసపోతారు. ఈ పథకం మొదలైంది మన హైదరాబాద్‌లోనే. 2006 జనవరిలో అక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి కార్డులు అందజేశారు. అప్పటి సంబరంలో "రెండు పౌరసత్వాలు వచ్చేశాయి" అన్న మాట మనవాళ్లలో పాకింది, ఇవాళ్టికీ పోలేదు. 2015లో చట్టం సవరించినప్పుడు ఆ పేరు చివర "కార్డ్‌హోల్డర్" అన్న మాట చేర్చారు. అసలు సంగతి ఆ ఒక్క మాటలో ఉంది. మీ చేతిలో ఉన్నది కార్డు. కార్డు ఉన్న విదేశీయులు మీరు.

రెండోది, సరెండర్ చేసేదాకా పౌరులమే అన్న మాట. అన్నింటిలోకీ ప్రమాదకరమైంది ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మి ఓత్ అయ్యాక పాత పాస్‌పోర్టుతో ప్రయాణం చేసేవాళ్లున్నారు. అది నేరం. ఓత్ పూర్తయిన ఘడియలోనే పౌరసత్వం పోతుంది. సరెండర్ సర్టిఫికెట్ జరిగిపోయిన దానికి కాగితం మాత్రమే.

ఇందులో ఇంకో మెలిక ఉంది, పిల్లల దాకా వెళ్తుంది. 8వ సెక్షన్ కింద భారత పౌరుడిగా ఉంటూనే డిక్లరేషన్ ఇచ్చి పౌరసత్వం వదులుకోవడం వేరు. 9వ సెక్షన్ కింద దానంతటదే పోవడం వేరు. మొదటి పద్ధతిలో వదులుకున్నవాళ్ల మైనర్ పిల్లలు పద్దెనిమిది నిండిన ఏడాది లోపు కోరుకుంటే భారత పౌరసత్వం తిరిగి పొందొచ్చు. తల్లి గర్భంలో ఉండగా తల్లిదండ్రులు సింగపూర్ పౌరసత్వం తీసుకున్న ఒక యువకుడు ఇదే దారిలో వెనక్కి రావాలని చూశాడు. మద్రాసు హైకోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒప్పుకోలేదు. మీ అమ్మానాన్నలు వదులుకోలేదు, వాళ్ల పౌరసత్వం చట్టం ప్రకారం దానంతటదే పోయింది, కాబట్టి ఆ వెసులుబాటు నీకు వర్తించదు అని తేల్చింది. మన ఇళ్లలో దాదాపు అందరిదీ ఈ రెండో రకమే.

"ఓటు తప్ప అన్నీ" అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఓటుతో పాటు ఎన్నికల్లో పోటీ, రాజ్యాంగ పదవులు, ప్రభుత్వోద్యోగాలు కూడా పోతాయి. జర్నలిజం, పరిశోధన, మతప్రచారం లాంటి పనుల మీద రావాలంటే 2021 మార్చి 4 నోటిఫికేషన్ ప్రకారం ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పిల్లల్ని ఇక్కడ ఎంబీబీఎస్ చదివిద్దామనుకునేవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగాలి. అదే నోటిఫికేషన్ నీట్, జేఈఈలలో ఓసీఐ పిల్లల్ని ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్లకు మాత్రం పాత హక్కు ఉంటుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత పుట్టిన పిల్లలకు లేదు.

పొలం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఆ మెసేజ్‌కి పూర్తి వ్యతిరేకమైన పుకారు కూడా తిరుగుతోంది: "పౌరసత్వం మారితే నాన్న పొలం సర్కారుకి పోతుంది" అని. అదీ అబద్ధమే. వారసత్వంగా వచ్చిన పొలం ఓసీఐ ఉన్నవాళ్లు ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇక్కడ నివసించే భారతీయులకే అమ్మాలి. కొత్తగా పొలం కొనడం, నాన్న బతికుండగా గిఫ్ట్ డీడ్‌గా రాయించుకోవడం మాత్రం కుదరవు. విదేశంలో ఉన్నంతకాలం ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారైకీ కుదరవు. ఊళ్లో ఇల్లు, సిటీలో ఫ్లాట్ కొనుక్కోవచ్చు.

ఇక నాలుగో మాట. "రాకుండా ఎవరూ ఆపలేరు."

2020 మార్చి, కరోనా రోజులు గుర్తు తెచ్చుకోండి. మార్చి 11న కేంద్రం వీసాలన్నీ నిలిపేస్తూ, ఆ ప్రకటనలోనే ఓసీఐ కార్డుల మీద వీసా లేకుండా వచ్చే సదుపాయాన్నీ నిలిపేసింది. జీవితాంతం చెల్లే కార్డు రెండు రోజుల్లో చెల్లని కార్డయింది. తర్వాత విమానాలే ఆగిపోయాయి, అప్పుడు భారత పౌరులూ రాలేకపోయారు, నిజమే. కానీ విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తీసుకొచ్చే వందే భారత్ విమానాలు మే 7 నుంచి మొదలైనప్పుడు తలుపు ఎవరికి తెరుచుకుందో చూడండి. భారత పౌరులకు తెరుచుకుంది. ఉద్యోగం పోయి, హెచ్1బీ గడువు ముంచుకొస్తున్న తల్లిదండ్రులు ఇండియన్ పాస్‌పోర్టులతో ఎయిర్‌పోర్టుకి వెళ్తే, చంకలో ఉన్న పసిబిడ్డ అమెరికాలో పుట్టిన ఓసీఐ కావడంతో ఎక్కనివ్వలేదు. మే 22న అలాంటి పిల్లలకీ, ఇంట్లో చావు లాంటి అత్యవసరాలున్నవాళ్లకీ సడలింపు ఇచ్చారు. ఓసీఐ ఉన్న అందరికీ అనుమతి వచ్చేసరికి అక్టోబరు మూడో వారం. కన్నతండ్రి దహనం వీడియో కాల్‌లో చూసినవాళ్లు ఆ ఏడాది మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లెవరూ ప్రభుత్వాన్ని ఒక్క మాట అన్నవాళ్లు కారు.

అన్నవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. లండన్‌లో పాఠాలు చెప్పే నితాషా కౌల్‌ను కర్ణాటక ప్రభుత్వమే 2024 ఫిబ్రవరిలో రాజ్యాంగ సదస్సుకి పిలిచింది. బెంగళూరు ఎయిర్‌పోర్టులో దిగితే లోపలికి రానివ్వకుండా వెనక్కి పంపారు. అప్పటికి ఆమె ఓసీఐ రద్దు కాలేదు, అది రద్దయింది 2025 మేలో. కార్డు చెల్లుతున్నా గేటు దగ్గర ఆపొచ్చన్నమాట. స్వీడన్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న ఒడిశా మనిషి అశోక్ స్వైన్ ఓసీఐని 2022లో రద్దు చేశారు. కారణాలు చెప్పలేదని 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అదే నెలలో ప్రభుత్వం మళ్లీ రద్దు చేసింది. 2025 మార్చిలో కోర్టు దాన్నీ కొట్టేసింది, కావాలంటే కొత్తగా నోటీసు ఇచ్చుకోవచ్చంది. ఇంత కాలమూ ఆయన తల్లి ఇక్కడ అనారోగ్యంతో ఉన్నారు. వాళ్ల రాజకీయాలతో మీరు ఏకీభవించకపోవచ్చు. పౌరులై ఉంటే వాళ్ల మీద కేసులు పెట్టొచ్చు, వాళ్లని అరెస్టు చేయొచ్చు. దేశంలో అడుగు పెట్టొద్దని మాత్రం అనలేరు. రాజ్యాంగం 19వ అధికరణ దేశంలో తిరిగే హక్కూ, స్థిరపడే హక్కూ పౌరులకే ఇచ్చింది. విదేశీయుణ్ణి పంపించే అధికారం ప్రభుత్వానికి పూర్తిగా ఉందని సుప్రీంకోర్టు 1955లోనే చెప్పింది.

"మనం ప్రొఫెసర్లమా, రాతగాళ్లమా, మనకేం?" అంటారా? 2025 ఆగస్టులో వచ్చిన నోటిఫికేషన్ చదవండి. రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడినా, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరంలో చార్జిషీట్ దాఖలైనా ఓసీఐ రద్దు చేయొచ్చు. చార్జిషీట్ చాలు, నేరం రుజువు కానక్కర్లేదు. మోసం కేసులో గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. అన్నదమ్ముల ఆస్తి తగాదాల్లో ఆ సెక్షన్ కింద కేసులు పెట్టుకోవడం మన జిల్లాల్లో ఎంత మామూలో నేను చెప్పాలా? రద్దు చేసే ముందు మీ వాదన వినాలని చట్టంలో ఉంది, అది 2019లో చేర్చిన మంచి మాట. కానీ ఆ వాదన బయటి దేశంలో కూర్చుని వినిపించుకోవాల్సి రావచ్చు.

చివరిది, పాస్‌పోర్ట్ ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చన్నది. దారి ఉంది. ఓసీఐగా అయిదేళ్లు నమోదై ఉండి, దరఖాస్తుకి ముందు పన్నెండు నెలలు ఇక్కడే నివసిస్తే 5వ సెక్షన్ కింద అడగొచ్చు. అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం కేంద్రం ఇష్టం. ఆ పన్నెండు నెలల లెక్క ఎంత గట్టిదో వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ వ్యవహారం చూపించింది. జర్మనీ పౌరుడైన ఆయనకు 2009లో భారత పౌరసత్వం ఇచ్చారు. ఆ పన్నెండు నెలల్లో దేశంలో లేని రోజుల్ని దాచారని కేంద్రం దాన్ని రద్దు చేసింది. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచి 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షలు కట్టమంది. నాలుగుసార్లు గెలిచిన ఎమ్మెల్యే పరిస్థితి అది.

మా వాడితో గంట సేపు మాట్లాడాను. ఓత్ మానుకోమని అనలేదు, వాడూ మానుకోవడం లేదు. ఓత్ అయ్యాక పాత పాస్‌పోర్టుతో టికెట్ బుక్ చేయొద్దన్నాను. వెంటనే సరెండర్‌కి అప్లై చేయమన్నాను. ఓసీఐ చేతికొచ్చేలోపు రావాల్సి వస్తే వీసా తీసుకుని రమ్మన్నాను. వదిన మోకాలి ఆపరేషన్ వచ్చే నెల కాబట్టి, ఆ వీసా కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకుంటున్నాడు.