మా బోటు వాటర్ పంపు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వాటర్ పంపు గారి సముఖానికి,

నమస్కారాలు. ఇంజను చల్లబడడానికి సముద్రపు నీళ్ళు తోడే తమరు దాని పక్కన, ఏ స్పానరూ సగం కన్నా తిరగని మూలలో వేంచేసి ఉండే రోజులు పోయాయి. ఇప్పుడు నా ఒళ్ళో ఉన్నారు. జూన్ 14 అర్ధరాత్రితో వేట నిషేధం అయిపోయింది. తెల్లారేసరికి బాహుదా నది సముద్రంలో కలిసే మొగ ఖాళీ. మా బోటు ఒక్కటే మిగిలింది. వచ్చేపోయే వాళ్ళంతా ‘ఏటి బావా, పంపుని జోకొడతన్నావా’ అని అడిగి మరీ వెళుతున్నారు.

తమరికి తెలియంది కాదు, మాకు సముద్రం ఏడాదంతా దొరకదు. చేపలు గుడ్లు పెట్టుకోవాలని ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు ఆపుతారు. తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ చుట్టూ 20 కిలోమీటర్ల లోపలికి రానివ్వరు. సరే, వాటికీ పిల్లలున్నాయి. అక్టోబరు వస్తే తుఫాను. 2013లో ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఈ బోటు దానికి కూడా తట్టుకుంది. ఇన్ని పోగా మిగిలిన రోజుల్లో తమరు కూడా వాటా అడగడం ఏం న్యాయమండీ?

తమరి లోపల తిరుగుతూ నీళ్ళు తోసే రబ్బరు రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, గురించి ఎక్కువ రాయను. నీళ్ళు లేకుండా నిమిషం తిరిగితే దాని రెక్కలు ఊడతాయి. ఊడినవి మర్యాదగా బయటికి రాక కూలర్ ట్యూబుల్లోకి పోయి దాక్కుంటాయి. లెక్క సరిపోయేదాకా వెతకాలి. మూత కింద కాగితం గ్యాస్కెట్ కాస్త మందమైతే నీళ్ళు లాగరు, పలచనైతే రెక్కలు మూతకి ఒరుసుకుంటాయి. మహారాజులకి ఇలాంటి పట్టింపులు మామూలే.

నా బాధల్లా తమరి అడుగున ఉన్న ఆ చిన్న చిల్లు గురించి.

తమరిని తయారు చేసినవాడు మంచివాడు. షాఫ్టు మీద రెండు సీళ్ళు, అంటే కారకుండా ఆపే రబ్బరు రింగులు, పెట్టాడు. ముందుది ఉప్పునీళ్ళని ఆపడానికి, వెనకది ఇంజనాయిల్‌ని ఆపడానికి. రెండిటి మధ్యా ఖాళీ ఉంచి, కిందికి ఒక చిల్లు వేశాడు. ఏ సీలు పోయినా కారేది ఆ చిల్లులోంచి బయటికే పోవాలి, బోటువాడి కంట పడాలి. కారింది ఉప్పునీరైతే ముందు సీలు పోయినట్టు, జిడ్డైతే వెనకది పోయినట్టు. ఇంతకన్నా ఏం చెప్పాలి? నిషేధానికి ముందు తమరు చెప్పారు కూడా. చుక్క చుక్కగా, ఓపిగ్గా.

మెకానిక్‌ని పిలిచాను. ఒరియా ఆయన, పెద్దమనిషి. ‘హేబ ఆజ్ఞా, హేబ’ (అయిపోద్దండి, అయిపోద్ది) అన్నాడు. నేను డీజిలు తేవడానికి వెళ్ళి వచ్చేలోగా చుక్క ఆగిపోయింది. చెయ్యి తిరిగినవాడంటే ఇలా ఉండాలి అనుకుని డబ్బులిచ్చాను. టీ కూడా పోయించాను.

తీరా విప్పితే కనిపించింది ఆ పనితనం. చిల్లు నిండా ఎమ్‌సీలు, అదే చిల్లులు పూడ్చే ముద్ద! నున్నగా, వేలితో తడిమినా తెలియనంత అందంగా రాసి, పైన రంగు కూడా వేశాడు. సీలు మార్చలేదు. అసలు తమరిని విప్పనేలేదు. ముక్కు కారుతోందని ముక్కులో గుడ్డ కుక్కినట్టు కుక్కాడు. బయటికి దారి లేని ఉప్పునీళ్ళు ఏం చేస్తాయి? బేరింగులోకి పోయాయి. గోళీలు తుప్పు పట్టి షాఫ్టు చేత్తో ఊపితే ఊగుతోంది. అక్కడితో ఆగాయా? వెనక సీలు దాటి ఇంజనులోకి దిగాయి. ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు తెల్లగా పాలరంగులో వచ్చింది. కొన్న ఐసు నీళ్ళయిపోయింది, కలాసీలు పక్క బోట్లెక్కి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ ఆయిలంతా పారబోసి, కొత్తది పోసి, కాసేపు తిప్పి, అదీ పారబోసి, ఫిల్టరు మార్చి, మళ్ళీ పోయాలి. రెండు సీళ్ళకయ్యే ఖర్చు ఎక్కడ, ఇదెక్కడ! ఫోను చేస్తే ‘అప్పుడు కారడం ఆగింది కదా’ అంటున్నాడు. ఆగదూ మరి? నోరు మూసేస్తే ఎవడి మాటైనా ఆగుతుంది వెధవా!

క్షమించండి. ఆ మాట తమరిని కాదు.

సీలు కోసం బరంపురం వెళితే అక్కడ ఇంకో మహానుభావుడు. కొలత ఒకటేనని మామూలు ఆయిల్ సీలు చేతిలో పెట్టాడు. ఉప్పునీళ్ళ వైపు పెట్టే సీలుకి లోపలి స్ప్రింగు స్టెయిన్‌లెస్ స్టీలుది ఉండాలయ్యా, మామూలు స్ప్రింగు నాలుగు వేటలకే తుప్పు పట్టి తెగిపోతుంది అంటే, ‘అందరూ ఇదే తీసుకెళతారు’ అన్నాడు. అందుకే అందరివీ కారుతున్నాయి. చివరికి సరైనది విశాఖ హార్బర్ నుంచి తెలిసినవాళ్ళ చేత తెప్పించుకోవలసి వచ్చింది.

అదొక్కటీ మారిస్తే కూడా చాలదు. పాత సీలు ఒరుసుకున్న చోట షాఫ్టు మీద గాడి పడింది, గోరు పెట్టి గీస్తే తగులుతోంది. ఆ గాడి మీద కొత్త సీలు వేస్తే కొత్తగా కారుతుంది. ఇచ్ఛాపురం లేత్ షాపులో గాడి మీద స్లీవు, అంటే ఇనుప తొడుగు, వేయించాను. ఆ కుర్రాడు గాడి చూసి, ‘ఇన్నాళ్ళు ఎలా లాగింది మావా ఇది?’ అన్నాడు. నిజమే. నోరు మూసేసినా, బేరింగు అరిగిపోయినా, ఇంజనుకి నీళ్ళు మాత్రం తోడుతూనే ఉన్నావు. ఒక్కసారి కూడా ఓవర్‌హీట్ కాలేదు. అది కాదనను.

పెదవి, అదే లోపలి అంచు, నీళ్ళ వైపుకి ఉండేలా సీలు కూర్చోబెట్టాను. ఇంపెల్లర్ రబ్బరుకి గ్రీజు పడదని దానికి గ్లిజరిన్ రాశాను. చిల్లులో ఎమ్‌సీలు పొడిచి పొడిచి తీసి, సన్న తీగ పోనిచ్చి చూశాను. దారి బాగుంది. బోటులో ఎమ్‌సీలు కనపడితే దించేస్తానని డ్రైవరుకి చెప్పాను. ఇంజను స్టార్టు చేసిన ప్రతిసారీ తమరి కింద టార్చి కొట్టి చూడమన్నాను. చెప్పాల్సింది ఉంటే చెప్పండి, ఈసారి వింటాం. కానీ ఒడ్డున ఉండగా చెప్పండి మహాప్రభో, మొగ దాటాక చెప్పకండి.

ఇట్లు,
తమరి బోటు ఓనరు